హైబ్రిడ్ సైకిల్‌కి టైర్లు మార్చాలి: 700×38 తీసేసి ఏ సైజు, ఏ రకం వేస్తే మంచిది?

మియాపూర్_సవారీ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నా హైబ్రిడ్ వెనక టైరు పని అయిపోయింది. నడిమధ్య గాడులు అరిగి చదునైపోయాయి. పక్క గోడను బొటనవేలితో వంచితే వెంట్రుకవాసి పగుళ్లు కనబడుతున్నాయి. ఈ మధ్య పంక్చర్లు కూడా మీద మీద పడుతున్నాయి. ముందు టైరు కాస్త నయమే గానీ దానికీ అదే వయసు, దాని గోడ మీదా పగుళ్లు మొదలయ్యాయి. అందుకే రెండూ ఒకేసారి మార్చేద్దామని.

నా వాడకం చెప్తాను. మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వారంలో మూడు నాలుగు రోజులు, వీపున లాప్‌టాప్ బ్యాగు. ఆదివారాలు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సైకిల్ ట్రాక్. వీలు కుదిరితే వికారాబాద్ అనంతగిరి. నా బరువు 78 కిలోలు. ఇప్పుడున్న టైరు మీద 700×38సి అనీ, పక్కనే 40-622 అనీ ఉంది. రిమ్ము మీద 622×17 అని ముద్ర. వి-బ్రేకులు, రెండు వైపులా మడ్‌గార్డులు ఉన్నాయి.

స్నేహితులేమో సన్నటి 28 (అంటే 28 మిల్లీమీటర్ల వెడల్పుది) వేయి, గాల్లో తేలిపోతావు అంటున్నారు. మా వీధి షాపాయన 28×1½ టైరు తీసి "ఇదీ ఇరవై ఎనిమిదే, పట్టేస్తది" అంటున్నాడు. ఏది వినాలి?

ఓఆర్ఆర్_ఉదయం (హైదరాబాద్)

28 వేసేయ్ బ్రదర్, రెండో ఆలోచన వద్దు. నేను 38 నుంచి 28కి మారాక సైకిలే మారిపోయినట్టుంది. సిగ్నల్ దగ్గర నుంచి లేచేటప్పుడే తేడా తెలుస్తది. ట్రాక్ మీద అయితే చెప్పనక్కర్లేదు.

బెజవాడ_మెకానిక్ (విజయవాడ)

ముందు ఆ 28×1½ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇక్కడే చాలామందికి డబ్బులు పోతున్నాయి.

టైరు మీద రాసిన అంగుళాల లెక్క, 700 లెక్క రెండూ పాత అలవాటు కొద్దీ వచ్చిన పేర్లు. వాటిని నమ్మొద్దండి. చూడాల్సింది మధ్యలో గీత ఉన్న జంట అంకె. మీ టైరు మీద 40-622 అంటే వెడల్పు 40 మిల్లీమీటర్లు, టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లు. ఈ 622 మీకు మారదు, మార్చలేరు. మొదటి అంకె ఒక్కటే మీ చేతిలో ఉంది.

మన ఊళ్లలో పాలవాళ్లు, పోస్ట్‌మ్యాన్లు తొక్కే పాత నల్ల సైకిళ్ల 28×1½ టైరు వ్యాసం 635. మీ రిమ్ముకంటే 13 మిల్లీమీటర్లు పెద్దది. ఎక్కించడం చాలా తేలిక, చేత్తోనే ఎక్కేస్తుంది, అదే ప్రమాదం. గాలి పట్టేకొద్దీ అంచు ఒకపక్క రిమ్ము దాటి పైకొస్తుంది, ట్యూబు బయటికి ఉబ్బి టప్పున పేలుతుంది. షాపులో పేలితే ట్యూబు పోతుంది, ఫ్లైఓవర్ దిగేటప్పుడు పేలితే మనిషే పడతాడు.

ఇంకోటి. 29 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైక్) టైరు వ్యాసం కూడా 622యే. అంకె చూసి "29 నాకు పట్టదు" అనుకుంటారు గానీ వ్యాసం లెక్కన పడుతుంది, అంత లావుకి మీ ఫోర్కులో, వెనక గొట్టాల మధ్యలో చోటుండదు, అంతే. 26 అంగుళాల ఎంటీబీది 559, 27.5ది 584. అవి మీ రిమ్ముకి ఎలాగూ కుదరవు.

మియాపూర్_సవారీ

చాలా థాంక్స్ అన్నా. షాపాయనకి అంకె చూపిస్తాను. మరి వెడల్పు?

బెజవాడ_మెకానిక్

మీ రిమ్ము లోపలి వెడల్పు 17. దాని మీద 28 నుంచి 40 దాకా ఏదైనా నిక్షేపంగా కూర్చుంటుంది. ఇప్పుడు 40 మడ్‌గార్డుల కిందే తిరుగుతోంది కాబట్టి చోటు సమస్య లేదు. కాబట్టి మీ రోడ్డు ఏమడుగుతోందో అదే వేయండి.

నల్లరేగడి (అనంతపురం)

రోడ్డు అడిగేది చెప్తాను వినప్పా. ఇంతవరకు ఎవరూ పల్లేరుకాయ మాట ఎత్తలేదే!

మా వైపు వానలు పడితే చాలు, రోడ్డు అంచు పొడుగునా పల్లేరు తీగ పాకుతాది. చిన్న పసుపు పూలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాది. కాయ ఎండి విడిపోయినాక చూడాల. ఏ ముక్క ఎట్ల పడినా ఒక ముల్లు ఆకాశం వైపే నిలబడుంటాది. లారీకి దారిచ్చేదానికి తారు దిగి మట్టి అంచు మీదికి పోతే, తిరిగి ఎక్కేలోపు రెండు చక్రాలకీ గుచ్చుకోనుంటాయి. ఒకటి పీకితే ఇంకొకటి. పీకకుండా వదిలేస్తే ముల్లే బిరడా మాదిరి రంధ్రాన్ని మూసి కొంతదూరం తీసుకపోతాది, అది వేరే సంగతి.

ఈ ముల్లు చిన్నదే, కానీ సూటిగా దిగుతాది. మామూలు టైరులో అరిగిన రబ్బరు ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లు ఉంటే దానికి అడ్డమేముండాది? అందుకే చెప్తాండా, వెడల్పు కంటే ముందు టైరు లోపల పంక్చర్‌ని ఆపే పొర ఉందా, ఎంత మందం ఉందా అని చూడండి. ష్వాల్బె కంపెనీ మారథాన్ టైరులో నడిమధ్య 3 మిల్లీమీటర్ల రబ్బరు పొర ఉంటాది. మారథాన్ ప్లస్‌లో 5 మిల్లీమీటర్లు. పల్లేరుకి 5 అంటే దాదాపు గోడ కట్టినట్టే. కానీ తుమ్మముల్లు వేరే జాతి. రెండంగుళాలు ఉంటాది, దానికి ఏ పొరా నిలవదు. మేకలకి కొమ్మలు నరికి వేసిన చోట దిగి నడవడమే.

ఓఆర్ఆర్_ఉదయం

అన్నా, ఆయన తిరిగేది గచ్చిబౌలి. అక్కడ పల్లేరెక్కడిది?

నల్లరేగడి

గచ్చిబౌలిలో లేకపోతే పోనీ, అనంతగిరి దారిలో, చేవెళ్ల దాటినాక పొలాల అంచున చూడు తమ్ముడూ.

కొండాపూర్_వాసి (హైదరాబాద్)

పల్లేరు సంగతి పక్కన పెట్టినా, ఐటీ కారిడార్‌లో ముల్లు కంటే తీగ ఎక్కువ. పేలిన లారీ టైర్ల లోపల సన్నటి ఉక్కు తీగలుంటాయి కదా, అవి ముక్కలై రోడ్డు పక్కకు చేరతాయి. సైకిళ్లు పోయేది కూడా ఆ పక్కనే. ట్యూబు తీసి చూస్తే సూది మొనంత రంధ్రం, టైరులో తీగ కంటికి కనపడదు. ప్యాచీ వేసి బిగిస్తే మర్నాడు మళ్లీ అదే చోట పంక్చర్. మియాపూర్ గారికి మీద మీద పడుతున్నాయంటే నాకు ఇదే అనుమానం.

దీనికో చిట్కా. చిన్న దూది ఉండ తీసుకుని టైరు లోపల మెల్లగా చుట్టూ తిప్పండి. తీగ ఉన్నచోట దూది పోగు పట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది, తీగా దొరకదు.

ఇంకోటి, టైరు ఎక్కించేటప్పుడు దాని పేరు రాసిన చోటు సరిగ్గా వాల్వు ఎదురుగా వచ్చేలా పెట్టుకోండి. పంక్చర్ పడినప్పుడు ట్యూబులో రంధ్రం వాల్వుకి ఎంత దూరంలో ఉందో చూస్తే, టైరులో ముల్లు ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది.

తీరం_గాలి (విశాఖపట్నం)

మాది బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా తారు, మధ్యలో ఇసుక కొట్టుకొచ్చిన మలుపులు. వానలు ఎక్కువ. ఇక్కడ కొత్తగా వచ్చేవాళ్లంతా అడిగేది ఒకటే: వానకి లోతు గాడులున్న టైరు కావాలా అని.

అక్కర్లేదండి. కారు టైరుకి గాడులు నీటిని పక్కకి తోయడానికి. కారు వెడల్పాటి టైరు, వేగం ఎక్కువ, కాబట్టి నీటి మీద తేలిపోతుంది. సైకిల్ టైరు సన్నం, గుండ్రం, గాలి ఒత్తిడి ఎక్కువ. మనం తొక్కే వేగానికి అది నీటిని చీల్చుకుని తారుని తాకుతుంది. తడిలో పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనం, తారు గరుకుదనం. బొడిపెలు మెత్తటి మట్టిలో గుచ్చుకోవడానికి పనికొస్తాయి. తారు మీద అవి అటూ ఇటూ వంగి, మలుపులో వణికిస్తాయి, గుర్రుమని శబ్దం చేస్తాయి, మన కాలి బలం తింటాయి.

మియాపూర్ గారికి నడుమ నున్నగా, అంచుల్లో కాస్త గాడులున్న టైరు చాలు. తడిసిన తెల్ల గీతల మీద, ఇనుప మూతల మీద మాత్రం ఏ టైరైనా జారుతుంది. అక్కడ హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా నేరుగా పోవాలి.

వాన కాలంలో పంక్చర్లు ఎక్కువ పడటానికీ కారణముంది. తడి రబ్బరుని గాజు పెంకు ఇట్టే కోస్తుంది. ఇంటికి రాగానే చక్రం తిప్పి చూసి ఇరుక్కున్న పెంకులు తీసేస్తే సగం పంక్చర్లు ఆగిపోతాయి.

మియాపూర్_సవారీ

కొండాపూర్ గారూ, ఇప్పుడే దూది తిప్పి చూశాను. రెండు చోట్ల పట్టుకుంది! ఒకటి వెంట్రుక కంటే కొంచెం లావున్న తీగ. ఇన్నాళ్లూ ట్యూబుని అనుమానించాను.

వెడల్పు మీద ఇంకా తేలలేదు. 28 అంటే నిజంగా వేగం పెరుగుతుందా?

చువ్వలు_లెక్కపెట్టేవాడు (బెంగళూరు)

పెరిగినట్టు అనిపిస్తుంది. కారణాలు రెండు. సన్నటి టైరు తేలిక, అందుకే ఆగి లేచేటప్పుడు చురుగ్గా ఉంటుంది. గాలి గట్టిగా కొడతారు కాబట్టి రోడ్డు గరుకంతా చేతుల్లోకి వస్తుంది, ఆ అదురునే వేగం అనుకుంటాం.

లెక్క ఇంకోలా ఉంది. టైరు నేలను తాకిన చోట చదునవుతూ, మళ్లీ గుండ్రమవుతూ ఉంటుంది. అలా వంగడంలోనే శక్తి పోతుంది. ఒకే ఒత్తిడిలో రెండు టైర్లు పెడితే వెడల్పాటిది తక్కువ పొడవున వంగుతుంది, కాబట్టి అదే తేలిగ్గా దొర్లుతుంది. సన్నదానికి ఒత్తిడి పెంచి ఆ తేడా పూడుస్తారు. అద్దంలాంటి నేల మీద అది సరే. మన రోడ్ల మీద గట్టి టైరు ప్రతి గులకరాయికీ సైకిల్నీ మనిషినీ పైకి ఎగరేస్తుంది, ఆ ఎగరేసే శక్తి కూడా మన కాలిదే.

ఇంతకంటే పెద్ద తేడా టైరు తయారీలో ఉంటుంది. అదే 35 సైజులో మందపాటి గోడ, గట్టి రబ్బరు ఉన్నది ఒకలా, పల్చటి మెత్తటి గోడ ఉన్నది ఇంకోలా దొర్లుతాయి. ఓఆర్ఆర్ గారు 38 బొడిపెల టైరు తీసేసి 28 నున్నటి టైరు వేసినట్టున్నారు. ఆ హాయిలో ఎక్కువ వాటా నున్నదనానిది.

ఓఆర్ఆర్_ఉదయం

అవును, నాది బొడిపెల టైరే. అయినా ట్రాక్ మీద 28 బాగుంటది, ఆ మాట మాత్రం నేను వదలను.

చువ్వలు_లెక్కపెట్టేవాడు

ట్రాక్ మీద తప్పకుండా బాగుంటుంది బ్రదర్, కాదనను. 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పు, గుంట లేదు. అక్కడే తొక్కేవాడికి 28 చెప్పడానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ ఈయన వారంలో ఎక్కువ తొక్కేది మియాపూర్ నుంచి గచ్చిబౌలి. మెట్రో స్తంభాల పక్కన పాచ్‌లు, స్పీడ్ బ్రేకర్ల వరుసలు, కాలవల మీద ఇనుప చట్రాలు. ఆ చట్రాల సందుల్లో సన్నటి చక్రం దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. లాప్‌టాప్ బరువు కూడా ఉంది. 28తో గుంటలో పడితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి.

నా మాట 700×35. టైరు మీద జంట అంకె 37-622 అని ఉంటుంది. అంతకంటే తగ్గాలనిపిస్తే 32 దగ్గర ఆగండి.

ఐండ్‌హోవెన్_తెలుగు (నెదర్లాండ్స్)

ఇక్కడ నేను పిల్లల్ని బడికి దింపేది, కూరగాయలు తెచ్చేది అన్నీ సైకిల్ మీదే. మా వీధిలో నిలిపిన సైకిళ్లు చూస్తే చాలావాటికి 37 నుంచి 47 వెడల్పు నున్నటి టైర్లే. ఇంత చదునైన దారులున్న దేశంలో కూడా రోజువారీ సైకిల్‌కి 28 అరుదు.

మారథాన్ ప్లస్ నేను వాడుతున్నాను కాబట్టి రెండు వైపులా చెప్తాను. పంక్చర్ మాట దాదాపు మర్చిపోయాను. కానీ 37-622 సైజులో ఒక్కో టైరు దాదాపు 900 గ్రాములు. తొక్కుతుంటే మొద్దుగా ఉంటుంది, మొదటిసారి రిమ్ముకి ఎక్కించడం చేతులకి పెద్ద పరీక్ష. మామూలు మారథాన్ అంతకంటే చురుకు. మీది రోజువారీ ఆఫీసు కాబట్టి మామూలు మారథాన్ తరగతి, అంటే 3 మిల్లీమీటర్ల పొర సరిపోతుందని నా అభిప్రాయం.

గోడ మీద వెలుగు పడితే మెరిసే తెల్ల చార ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. రాత్రిపూట అడ్డంగా వచ్చే కారువాడికి మీ వెనక ఎర్ర దీపం కనపడదు. తిరుగుతున్న ఆ రెండు తెల్ల వలయాలు కనపడతాయి.

కొండాపూర్_వాసి

విదేశీ టైర్ల జత వేలల్లో ఉంటుంది, పైగా కావాల్సిన సైజు దొరకడం కష్టం. దేశీ టైర్లు వందల్లోనే వస్తాయి. లూధియానా రాల్సన్ ఉంది, మన హైదరాబాద్ కంపెనీ హార్టెక్స్ ఉంది. 700×35 నున్నటి టైరు తీసుకుని, లోపల టైరుకీ ట్యూబుకీ మధ్య పంక్చర్ పట్టీ వేసుకుంటే ఆఫీసుకి బ్రహ్మాండంగా సరిపోతుంది.

నల్లరేగడి

పట్టీ వేయండి గానీ కొనలు ఒకదానిమీద ఒకటి ఎక్కే చోట అంచుని కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఉప్పు కాగితంతో రుద్దండి. లేకుంటే ఆ పట్టీ అంచే ట్యూబుని కోస్తాది.

మియాపూర్_సవారీ

అందరూ 35 వైపే ఉన్నారు, నాకూ అదే సబబనిపిస్తోంది. రెండు సందేహాలు. గాలి ఎంత కొట్టాలి? పాత ట్యూబులే వాడొచ్చా? పంక్చర్ షాపులో వేలితో నొక్కి చూసి ఆపేస్తారు, ఒక్కోసారి రాయిలా ఉంటుంది.

బెజవాడ_మెకానిక్

గాలి సంగతి కాస్త వివరంగా చెప్తాను, మంచి టైరు కొని చెడ్డ గాలితో తొక్కితే ఏం లాభం.

పక్క గోడ మీద రాసిన ఒత్తిడి దాటకూడని హద్దు. అంత కొట్టమని కాదు. మీరు 78, సైకిల్ పద్నాలుగు పదిహేను, బ్యాగు ఐదు అనుకోండి. మొత్తం బరువులో సగానికి పైగా వెనక చక్రం మోస్తుంది. కాబట్టి 35 టైరుకి వెనక 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 50తో మొదలుపెట్టండి. నాలుగు రోజులు తొక్కి, ముందు 5 తగ్గించి చూడండి. గుంటలో రిమ్ము నేలకి తగిలినట్టు టక్కుమంటే ఎక్కువ తగ్గించినట్టు. చేతులు తిమ్మిరెక్కుతుంటే ఎక్కువ కొట్టినట్టు. వానలో ఇంకాస్త తగ్గిస్తే పట్టు బాగుంటుంది.

వేలితో నొక్కడం లారీకీ పనికిరాదు, సైకిల్‌కీ పనికిరాదు. సైకిల్ ట్యూబులో గాలి కొంచెమే కాబట్టి కంప్రెసర్ దగ్గర కన్ను మూసి తెరిచేలోపు హద్దు దాటిపోతుంది. ఒత్తిడి చూపే మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. వారానికోసారి చూసుకోండి, ట్యూబు దానంతటదే కొంచెం కొంచెం వదులుతూనే ఉంటుంది.

ట్యూబు మీద 35-43 అని రాసుంటే మీ కొత్త టైరుకి పనికొస్తుంది. కానీ మీరు చెప్పిన పంక్చర్లు చూస్తే కొత్తవే వేయండి. అదే ట్యూబుని 28 టైరులో కుక్కితే లోపల మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. వాల్వు మీ రిమ్ము రంధ్రానికి తగ్గదే కొనండి. కారు వాల్వుకి రంధ్రం 8.5 మిల్లీమీటర్లు, సన్న ప్రెస్టా వాల్వుకి 6.5. పెద్ద రంధ్రంలో సన్న వాల్వు పెడితే అది కదిలి కదిలి మొదట్లో తెగుతుంది. మన దారుల్లో కారు వాల్వే మేలు, ఏ బంకులోనైనా గాలి దొరుకుతుంది.

తీరం_గాలి

టైరు తీసినప్పుడే రిమ్ము లోపలి టేపు చూసుకోండి. చువ్వల రంధ్రాల మీంచి పక్కకి జరిగితే ట్యూబు లోపలి వైపు నుంచి పంక్చర్ అవుతుంది. అప్పుడు రోడ్డుని ఎంత తిట్టినా లాభం లేదు.

మియాపూర్_సవారీ

వేశాను! 37-622, నడుమ నున్నగా ఉన్నది, 3 మిల్లీమీటర్ల పొర, మెరిసే చార. ట్యూబులు కూడా కొత్తవే. తీరం గారు చెప్పినట్టు టేపు చూస్తే వెనక చక్రంలో నిజంగానే ఒక పక్కకి జరిగి ఉంది, మార్చాను.

ఎక్కించేటప్పుడు చివరి జానెడు అస్సలు ఎక్కలేదు. అప్పుడు ఎదురు వైపు టైరు అంచుని రెండు చేతులతో నొక్కి రిమ్ము నడిమి గాడిలోకి దించుకుంటూ వస్తే, వాల్వు దగ్గర వదులు దొరికి చేత్తోనే కూర్చుంది. ట్యూబు నలగలేదు.

వెనక 60, ముందు 50తో ఆఫీసుకి వెళ్లొచ్చాను. మెట్రో స్తంభాల పక్కన ఆ పాచ్‌ల మీద హ్యాండిల్ ఇంతకుముందులా దడదడలాడలేదు. వేగం, దూరం చూపే సైకిల్ కంప్యూటర్‌లో చక్రం చుట్టుకొలత మార్చాలా?

చువ్వలు_లెక్కపెట్టేవాడు

మార్చండి. 40-622కి దాదాపు 2200 మిల్లీమీటర్లు పెట్టి ఉంటారు. కొత్త టైరు వ్యాసం 6 మిల్లీమీటర్లు తగ్గింది కాబట్టి చుట్టుకొలత 19 దాకా తగ్గుతుంది. మీరే కొలవాలంటే వాల్వు నేల వైపు ఉన్నప్పుడు సుద్దతో గీత పెట్టి, సైకిల్ మీద కూర్చుని ఒక చుట్టు ముందుకి నడిపి మళ్లీ గీత పెట్టండి. మీ బరువు పడ్డప్పటి కొలత అదే.

మియాపూర్_సవారీ

తప్పకుండా. పాత టైర్లు చెత్తలో వేసేయనా?

బెజవాడ_మెకానిక్

వేసేముందు ముందు టైరు పక్క గోడలోంచి, పగుళ్లు లేని చోట, రెండంగుళాల ముక్క ఒకటి కోసి అంచులు పల్చగా చెక్కి సీటు కింద సంచిలో పెట్టుకోండి. అనంతగిరి దారిలో గాజు పెంకుకి టైరే చీలితే ట్యూబు మార్చినా ఆ చీలికలోంచి బుడగలా బయటికొస్తుంది. ఆ ముక్కని చీలిక కింద పెట్టి, గాలి కాస్త తక్కువ కొట్టి, మెల్లగా తొక్కితే ఇల్లు చేరతారు. కొత్త టైరు గోడ మీద బాణం గుర్తు ఉంటే అది చక్రం తిరిగే వైపుకే ఉందా, ఓసారి చూసుకోండి.

మియాపూర్_సవారీ

చూశాను అన్నా, రెండూ సరిగానే ఉన్నాయి. ముక్క కోసి పెట్టుకున్నాను.